కాలనీ రోడ్డులో లారీలు, బస్సులు ఆపుతుంటే అర్జీ ఎలా పెట్టాలి

రాత్రయ్యేసరికి ఇళ్ల మధ్య రోడ్డులో టిప్పర్లు, ప్రైవేటు బస్సులు, బోరు లారీలు వరసగా వచ్చి ఆగుతున్నాయని అర్జీ పట్టుకెళ్లినవాళ్లు చాలామంది "చూస్తాంలెండి" అన్న మాటతో తిరిగొస్తున్నారు. అప్పుడే ఎవరో ఒకరు తయారవుతారు. "పర్మిషన్‌తో నో పార్కింగ్ బోర్డు పెట్టిస్తా, ఇంటికింత వేసుకోండి" అంటారు. ఆ డబ్బు ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 116వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద ట్రాఫిక్ బోర్డు పెట్టే హక్కు ప్రభుత్వానికి, ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్లకే ఉంది. పెయింటర్‌తో రాయించి కరెంటు స్తంభానికి కట్టిన బోర్డు చూపించి ఏ లారీకీ చలానా వేయించలేరు.

అర్జీకి తెల్లకాగితం చాలు. మీ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలి, అది లేని ఊళ్లలో మామూలు స్టేషన్‌లో. రోడ్డు పేరు, దగ్గర్లోని గుర్తు, బండి నంబర్లు, అవి ఆగే వేళలు రాసి, ఇరుగుపొరుగు సంతకాలు పెట్టించండి. రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోకుండా మాత్రం బయటికి రావద్దు.

పని ఆగిపోయేది ఎక్కువగా ఫొటోల దగ్గరే. అర్జీకి జతచేసే ఫొటో సాధారణంగా ఒక్కటే ఉంటుంది, అదీ రాత్రి తీసింది. ఫ్లాష్ పడి నంబరు ప్లేటు తెల్లగా మెరుస్తుంటుంది. ఆ బండి ఎంతసేపు ఆగిందో అందులో తెలియదు. అదే చట్టంలోని 127వ సెక్షన్ చూసేది సరిగ్గా దాన్నే. పబ్లిక్ రోడ్డు మీద మనిషి లేకుండా పది గంటలు, అంతకుమించి వదిలేసిన బండిని, లేదా పార్కింగ్ నిషేధం ఉన్నచోట ఆపిన బండిని, యూనిఫాంలో ఉన్న ఆ పరిధి పోలీసు అధికారి టోయింగ్ చేయించవచ్చు, చక్రం కదలకుండా క్లాంప్ (తాళం) వేయించవచ్చు. ఆ ఖర్చు బండి యజమానిదే. అందుకని రాత్రి ఎనిమిదికి ఒక ఫొటో, పొద్దున ఏడుకి ఇంకో ఫొటో తీయండి. రెండూ ఒకే చోట నిలబడి తీయాలి. నంబరు ప్లేటుతో పాటు కదలనిది ఏదైనా, ట్రాన్స్‌ఫార్మరో కిరాణా కొట్టు బోర్డో, రెండింటిలోనూ కనబడాలి. తేదీ, టైము ఫొటో మీదే పడేలా సెట్ చేసుకోండి.

లారీ రాత్రి పదికి వచ్చి తెల్లవారి ఆరుకి వెళ్లిపోతే? క్లీనర్ క్యాబిన్‌లోనే పడుకుంటే? అప్పుడు పది గంటల రూలు వర్తించదని అధికారి అంటారు, ఆ మాట నిజమే. టెన్షన్ పడకండి. అర్జీని 122వ సెక్షన్ కింద రాయండి. మిగతావాళ్లకు ప్రమాదంగానో, అడ్డంగానో, మితిమీరిన ఇబ్బందిగానో బండి ఆపకూడదని అది చెబుతుంది. దానికి గంటల లెక్క లేదు. కానీ ఫొటో మారాలి. బండిని దగ్గరగా కాదు, దూరంగా జరిగి రోడ్డు వెడల్పంతా పడేలా తీయండి. బండి పక్కన దారి ఎన్ని అడుగులు మిగిలిందో టేపుతో కొలిచి అర్జీలో రాయండి. వెనక చక్రం కింద డ్రైనేజీ పలక పగిలి ఉంటే దాని ఫొటో విడిగా తీసి, మున్సిపాలిటీకి వేరే అర్జీ ఇవ్వండి.

ఈ సెక్షన్లు జనానికి వెళ్లే హక్కున్న దారులకే వర్తిస్తాయి. గేటెడ్ కమ్యూనిటీ లోపలి రోడ్డయితే ముందు మీ అసోసియేషన్‌లోనే తేల్చుకోవాలి.

పెద్ద బండ్లు అసలు రాకుండా చేయాలంటే ఆ దరఖాస్తు వేరు. 115వ సెక్షన్ కింద ఒక రోడ్డులో భారీ వాహనాలను నిషేధించవచ్చు. కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్ పేరున రాయండి. మిగతా చోట్ల సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, అక్కడ జరిగే ఫిర్యాదుల కార్యక్రమాన్ని తెలంగాణలో ప్రజావాణి అని, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అని అంటారు. శాశ్వత నిషేధానికి గెజిట్ నోటిఫికేషన్, అంటే ప్రభుత్వ రాజపత్రంలో ప్రకటన, కావాలి. నెలకు మించని నిషేధానికి అది అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే సరిపోతుంది. అందుకే ముందు నెల రోజులకు అడగడం నయం. నీళ్ల ట్యాంకర్, గ్యాస్ బండి, చెత్త లారీలకు మినహాయింపు కావాలని మీరే రాయండి. లేకపోతే ఇబ్బంది పడేది మీ వీధివాళ్లే. ఈలోగా వీధి మొదట్లో ఇనుప కమ్మీలు వెల్డింగ్ చేయించడం మాత్రం వద్దు. ఫైరింజన్ కూడా అక్కడే ఆగిపోతుంది.

డ్రైవర్లకూ రాత్రి బండి ఆపుకునే చోటు కావాలి కదా. 117వ సెక్షన్ కింద స్థానిక సంస్థను సంప్రదించి పార్కింగ్ స్థలాలు నిర్ణయించే వీలుంది. దగ్గర్లో ప్రభుత్వ ఖాళీ స్థలం ఉంటే అదే అర్జీలో చూపించండి. ప్రత్యామ్నాయం చూపించిన అర్జీని పక్కన పడేయడం కష్టం.

జవాబు రాకపోతే స్టాంపు పడిన కాపీ జతచేసి, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "ఫలానా తేదీ అర్జీ మీద తీసుకున్న చర్య, నోట్ ఫైలు నకలు" అని అడిగితే చాలు. నోట్ ఫైలంటే మీ అర్జీ మీద అధికారులు రాసుకున్న అభిప్రాయాలు ఉండే ఫైలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు.