వరద రాకముందే లంకలో గేదెలను గట్టెక్కించడం

భద్రాచలంలో గోదారి 43 అడుగులకు చేరిందని కబురు వస్తే, ఏటి మధ్య లంకలో గేదెలున్నవాళ్ళు ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకూడదు. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక అది. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు, అక్కణ్ణుంచి మన వశిష్ఠ పాయల్లోకి దిగడానికి ఇంకొన్ని గంటలు. మన చేతిలో ఉన్న సమయం అంతే. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది వచ్చాక చూద్దాంలే అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ మాట వినకండి. చాకలిపాలెం, కనకాయలంక మధ్య ఉన్నలాంటి కాజ్‌వేలు అప్పటికే మునిగిపోతాయి. నీళ్ళు ఎక్కకముందైతే గేదెలు వాటి కాళ్ళ మీద అవి నడిచి ఏటిగట్టు ఎక్కేస్తాయి. నీళ్ళు ఎక్కాక దోనెలు కావాలి, మనుషులు కావాలి, అదృష్టం కూడా కావాలి.

మా మావగారు 1986 ఆగస్టు వరదలో మందను తోలుకొచ్చిన మనిషి. “నీళ్ళు కనపడ్డాక కదలడం కాదమ్మా, కబురు వినగానే కదలాలి” అనేవారు. నేను ఈ పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. 2022లో జూలైలోనే పెద్ద వరద వచ్చింది, అందుకని ఆగస్టు దాకా టైముందని కూడా అనుకోకండి.

అసలు పని ఎండాకాలంలోనే మొదలవుతుంది. వానలు పడకముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు వేస్తారు, అది తప్పిపోలేదని చూసుకోండి. వరదలో పది ఊళ్ళ పశువులు ఒకే గట్టు మీద నిలబడతాయి, ఒకదానికి రోగముంటే అన్నింటికీ అంటుకుంటుంది. నట్టల మందు కూడా అప్పుడే తాగించేయండి. గడ్డివాములో సగం గట్టవతల చుట్టాల దొడ్లో వేయించుకోండి. లంకలో వాము తడిసిపోతే గట్టు మీద గడ్డి కొనాలి, ఆ రోజుల్లో చెప్పిందే ధర. ప్రతి గేదె చెవి ట్యాగు మీదున్న 12 అంకెల నంబరూ కనపడేలా ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. మందలు కలిసిపోయినప్పుడు తగువులు తీర్చేది అదే.

ఇక ముందు నడిచే గేదె సంగతి. ప్రతి మందలోనూ ఒకటి ఉంటుంది, మిగతావి దాని వెనకే పోతాయి. మా మందలో అది గౌరి. జూన్ నుంచి వారానికి రెండుమూడు సాయంత్రాలు దాన్ని ఒక్కదాన్నే గట్టు దాకా నడిపించి, గట్టు మీదే చిట్టు, తవుడు కలిపిన కుడితి పెడతాను. పాలు తీసే గేదెను అంత దూరం తిప్పితే పాలు తగ్గుతాయని మా ఇంట్లోనే అన్నారు. కొంచెం తగ్గుతాయి, నిజమే. కానీ గట్టు మీద మేత ఉంటుందని దానికి తెలిసిపోతే, వరద రోజున కర్ర పట్టుకోవాల్సిన పని ఉండదు. గౌరి కదిలిందంటే అన్నీ కదులుతాయి.

తోలేటప్పుడు నిండు చూడివాటిని, కొత్తగా ఈనినవాటిని ముందు పంపండి. పడ్డలు, ఒట్టిపోయినవి తర్వాత. ఎడ్లు ఆఖర్న.

నీళ్ళు ఎక్కేసి ఈదించక తప్పకపోతే, దూడను దోనెలో ఎక్కించి ముందు పోనివ్వండి, తల్లి దాన్ని చూసుకుంటూ వెనకే ఈదుతుంది. చేరాల్సిన రేవుకు ఎదురుగా కాకుండా బాగా ఎగువన దింపండి, ప్రవాహం కిందికి లాగుతుంది కాబట్టి సరిగ్గా రేవు దగ్గర తేలతాయి. చెట్లు, దుంగలు కొట్టుకొస్తున్న ఎర్రనీట్లో ఈదించకండి, చీకట్లో అసలే వద్దు. మెడలో పలుపు వేలాడనివ్వకండి, కంచెకో చెట్టుకో చిక్కుకుంటే ఎంత ఈతొచ్చిన గేదైనా మునిగిపోతుంది. ఇందులో అన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: రాత్రికి రాత్రి నీళ్ళొచ్చి తోలే దారి లేకపోతే, పాకలో ఉన్న ప్రతి పశువు పలుపూ విప్పేసి మీరు బయటపడండి. విప్పిన గేదె ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కుతుంది. కట్టేసినదానికి ఆ దారి లేదు.

ఎద్దు బెదిరితే దాని వెనక పరిగెత్తకండి. మా మేనల్లుడు ఫోన్లో అమెరికా రోడియో చూపించాడు. ఒంటిచేత్తో తాడు పట్టుకుని, ఎగిరి దూకే ఎద్దు మీద 8 సెకన్లు నిలవాలట. అక్కడి బ్రాహ్మన్ జాతి పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉంది, రోడియో ఎద్దుల్లో చాలావాటికి ఆ బ్రాహ్మన్ రక్తం ఉంది. ఆ మూపురం చూస్తే మనకే తెలుస్తుంది. వరద రోజున మాత్రం ఎద్దును ఎంత నెమ్మదిగా ఉంచితే అంత మేలు. తువ్వాలు కళ్ళకు అడ్డంగా కట్టి, ముక్కుతాడు దగ్గరగా పట్టుకుని, దానికి అలవాటైన మనిషే మాట్లాడుతూ నడిపిస్తే దోనె కూడా ఎక్కుతుంది. దోనె అడుగున గడ్డి పరవండి, గిట్టలు జారవు.

గట్టెక్కాక జనం జాలిపడి అన్నం, బియ్యం తెచ్చి పెడతారు. దణ్ణం పెట్టి వద్దని చెప్పండి. ఆకలి మీదున్న పశువు అన్నం మెక్కిందంటే పొట్టలో పులిసి ప్రాణం తీస్తుంది. ముందు ఎండుగడ్డి కొంచెం, తర్వాత నీళ్ళు, తర్వాత మళ్ళీ గడ్డి. వరద నీళ్ళు తాగనివ్వకుండా బోరు నీళ్ళు మోసుకొచ్చి పెట్టండి. పాలు కొనేవాడు లేకపోయినా పూటకు పూట పిండేయాలి, వదిలేస్తే పొదుగువాపు వస్తుంది. జ్వరంతో గొంతు కింద వాపు, గురక కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోను చేయండి. గొంతువాపు గంటల్లోనే చంపేస్తుంది.

నీరు తీశాక లంకకు తిరిగి తోలే తొందర చాలామందికి ఉంటుంది. ముందు మీరొక్కరే వెళ్ళి పాకలో బురద ఎత్తిపోసి, నేలంతా సున్నం చల్లి ఆరనివ్వండి. ఒండ్రు అంటిన పచ్చిగడ్డి మేపితే పారుడు పట్టుకుంటుంది. ఒక మంచి వాన పడి గడ్డి కడిగేదాకా ఆగండి, లేదా కోసి జాడించి వేయండి. బూజు పట్టిన ఎండుగడ్డి ఎంత మిగిలినా పారేయండి. అది తిన్న గేదెలకు తోక చివర, చెవులు, గిట్టల దగ్గర కుళ్ళడం మొదలవుతుంది. నీళ్ళు నిలిచిన పల్లాల్లో నత్తలు పెరుగుతాయి, వాటి వల్లే కార్జంలో జలగలనే నట్టలు చేరతాయి. అందుకని ఆ పల్లాల్లో మేపకుండా కొన్నాళ్ళు కొబ్బరితోట మెరక మీదే కట్టేసుకోండి. జలగల మందు ఎప్పుడు తాగించాలో, చూడివాటికి ఏది ఇవ్వచ్చో పశువుల డాక్టరు గారిని అడిగి తాగించండి.