విప్పి తెచ్చిన పాత ఇల్లు చెన్నైలో మొండికేస్తే: సమస్య - పరిష్కారం

ఊళ్లో పొలం పక్కన ఉన్న తాతలనాటి పెంకుటిల్లు కూలిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, దాన్ని విప్పి చెన్నై శివార్లలో మళ్లీ నిలబెట్టుకోవాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నెల్లూరు వైపు నుంచి పొన్నేరి దగ్గరికి తెచ్చిన, నడిమి వాకిలి పైన ఆకాశం కనిపించే ఒక మండువా ఇంటికి మిత్రులమంతా కలిసి పనిచేశాం. కింద రాసినవాటిలో ఎక్కువ భాగం అక్కడ తెలుసుకున్నవే. అసలిది జరిగే పనేనా అన్న అనుమానం ఉంటే ముట్టుకాడులోని దక్షిణచిత్ర చూసి రండి. 1996లో తెరిచిన ఆ ప్రాంగణంలో దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి తిరిగి కట్టారు. స్తంభాల అడుగున రాయి ఎలా వేశారో, చూరు ఎంత కిందికి దించారో అక్కడ దగ్గరగా చూడవచ్చు.

కొత్త స్థలంలో బయటపడే తేడాల్లో చాలావాటికి మూలం పాత స్థలంలో, ఇల్లు విప్పిన రోజుల్లోనే ఉంటుంది. కారణం వెతికేటప్పుడు ముందు అక్కడ చూడండి.

కలప లారీ సరిహద్దు దగ్గర ఆగిపోయింది

పాత ఇంటి కర్ర అయినా చట్టం దృష్టిలో అది కలపే. కలప రవాణాకు తమిళనాడులో 1968 నాటి నిబంధనలు, ఆంధ్రలో 1970 నాటి నిబంధనలు ఉన్నాయి. అందుకే ఇల్లు విప్పకముందే అటవీ రేంజి కార్యాలయానికి వెళ్లి ఏయే కాగితాలు కావాలో అడగండి. ఇంటిపన్ను రశీదులు, ఇల్లు నిలబడి ఉన్నప్పటి ఫొటోలు, కర్రల జాబితా వెంట ఉంచుకోండి. లారీలో పట్టడం లేదని దూలాన్ని మాత్రం కోయనివ్వకండి, పొడవాటి లారీ మాట్లాడుకోండి.

దూలం స్తంభం మీద కూర్చోవడం లేదు

అందరినీ ఎక్కువగా ఏడిపించేది ఇదే. ఒక మూల దూలం రెండు వేళ్ల ఎడంగా నిలుస్తుంది, ఇంకో మూల స్తంభం పొట్టిగా కనిపిస్తుంది. కర్ర ఎండి కుదించుకుపోయిందని అందరూ అనుకుంటారు. కానీ కర్ర పొడవు వైపు కుదించుకుపోవడం చాలా తక్కువ. కారణం వేరే చోట ఉంటుంది.

మొదటిది, గుర్తులు చెరిగిపోవడం. సుద్దముక్కతో రాసిన అంకె ఒక్క వానకు పోతుంది. పెయింటుతో రాస్తే కర్ర శుభ్రం చేసేటప్పుడు పోతుంది. చిన్న అల్యూమినియం రేకుల మీద మేకుతో అంకె కొట్టి, అతుకు లోపలికి పోయే ముఖం మీద బిగించండి. కర్ర రెండు కొసలకూ రేకు ఉండాలి, తూర్పు ఎటో బాణం గుర్తు కూడా ఉండాలి. ఆ అంకెలే ఇంటి పటం మీదా, ఫొటోలలోనూ, లారీ జాబితాలోనూ ఉండాలి.

రెండోది, కొత్త పునాది మరీ సరిగ్గా ఉండటం. పాత ఇంట్లో నాలుగు మూలలూ మూలమట్టానికి ఉండవు. నేల ఒక పక్కకు వాలి ఉంటే, ఆ వాలుకు తగ్గట్టు ఒక్కో స్తంభాన్ని ఒక్కో ఎత్తున కోసి నిలబెట్టేవారు. ఇంజనీరు వచ్చి అన్నీ ఒకే మట్టంలో పోస్తే, ఆ వంకరలకు అలవాటుపడ్డ కర్రలు ఇక్కడ ఎలా కుదురుతాయి? విప్పే ముందే ఎదురెదురు మూలల మధ్య ఐమూల కొలతలు రెండూ తీసుకోండి. నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో ప్రతి స్తంభం కింది పీటరాయి ఎత్తు కొలిచి రాసుకోండి. కొత్త చోట పీటరాళ్లను అవే ఎత్తుల్లో అమర్చండి. పునాది ఇప్పటికే పోసేసి ఉంటే రాయిని చెక్కండి లేదా కింద పలుచటి రాతిపలక చేర్చండి. కర్ర జోలికి వెళ్లకండి. రాయి మళ్లీ దొరుకుతుంది, ఆనాటి టేకు దొరకదు.

మూడోది, దూలం తిరగబడటం. మా వడ్రంగి మేస్త్రి ప్రతి దూలాన్నీ రెండు ఇటుకల మీద పెట్టి, ఒక కంటితో దాని వెంట చూసి, ఆ తర్వాతే పైకి ఎత్తించేవారు. "బాబూ, వంకర ఉందని బెంగపడకండి, దాని వీపు ఎటుందో చూడండి" అనేవారు. సహజంగా కాస్త వంగిన దూలం వీపు పైకి ఉండాలి. అప్పుడు బరువుకు ఆ వంపు సర్దుకుంటుంది. తలకిందులుగా వేస్తే బరువుకు ఇంకా కిందికి జారుతుంది, దాని మీది వాసాలన్నీ పక్కకు పోతాయి.

గోడల పూత పెచ్చులూడుతోంది, తెల్లటి ఉప్పు పొంగుతోంది

పెచ్చు ఊడిన చోట గీకి చూడండి. లోపల సున్నం, పైన సిమెంటు ఉంటే కారణం తెలిసినట్టే. పాత ఇటుక గోడ తేమను పీల్చి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కుకున్న తేమ పూతను తోసుకుని బయటికి వస్తుంది. దాన్ని మొత్తం తీసేసి సున్నపు పూతే వేయాలి.

అంతా సున్నమే అయినా ఉప్పు పొంగుతుంటే నీటిని అనుమానించండి. మీంజూరు, పొన్నేరి వైపు చాలాచోట్ల భూగర్భజలంలో సముద్రపు ఉప్పు చేరింది. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్న బోరు నీటితో సున్నం కలపకండి, మంచినీటి ట్యాంకరు తెప్పించుకోండి. నీరు కూడా బాగానే ఉంటే ఇటుకలే ఉప్పును మోసుకొచ్చి ఉంటాయి. పాత గోడలో నేలకు దగ్గరగా ఉన్న వరుసలు ఏళ్ల తరబడి నేల ఉప్పు తాగి ఉంటాయి. విప్పేటప్పుడే ఆ ఇటుకలను విడిగా పేర్చి, గోడలకు కాకుండా పెరటి బాటకు వాడుకోండి.

సున్నం విషయంలో తొందర పనికిరాదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది, దానికి వారాలు పడుతుంది. ఒకేసారి మందంగా మెత్తితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పలుచగా పొరలు పొరలుగా వేసి, చెన్నై ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు కట్టండి. పులికాట్ వైపు గుల్లసున్నం దొరికితే మంచిదే. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపడం తెలిసిన తాపీ మేస్త్రి దొరికితే ఆయన చెప్పినట్టు చేయండి, పాళ్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి.

పెంకుల సందుల్లోంచి కురుస్తోంది

బంగళా పెంకును తిప్పి వెనక చూడండి, తయారుచేసిన ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో ఈ పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, తీరం పొడవునా ఇంకెన్నో వచ్చాయి. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడి ఇంకో ఫ్యాక్టరీ పెంకుకు సరిగ్గా కుదరదు. కుప్పగా పోసి తెచ్చిన పెంకులను దొరికినవి దొరికినట్టు పేరిస్తే కురవక మానదు. ముద్రల వారీగా వేరుచేసి, ఒక వాలుకు ఒకే రకం వేయండి. వేలితో తట్టితే ఖంగుమనే పెంకు మంచిది, మొద్దుగా మోగితే అందులో పగులు ఉంది. రకం ఒకటే అయినా కురుస్తుంటే నడికొప్పు నుంచి చూరు దాకా దారం లాగి పట్టండి. మధ్యలో వాసం కుంగి ఉంటే నీరు అక్కడే నిలుస్తుంది. రీపరు (వాసాల మీద అడ్డంగా పెంకులు నిలిపే బద్ద) కింద చెక్కముక్క చేర్చి మట్టం సరిచేయండి.

చెన్నైలో ఏడాది మొత్తం కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. సెప్టెంబరు చివరికి కప్పు పని ముగిసేలా లెక్క వేసుకోండి.

మండువాలో నీళ్లు నిలుస్తున్నాయి

లోపలికి వాలిన 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీరు. అదంతా నడిమి వాకిట్లోకే దూకుతుంది. ఊళ్లో ఇల్లు మెరక మీద ఉండేది కాబట్టి చిన్న తూము సరిపోయింది. ఇక్కడ స్థలం బల్లపరుపుగా ఉంటుంది, రోడ్డేమో కొత్తగా వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది. 2015 డిసెంబరు వరదల్లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఇరుగుపొరుగును అడిగి, అరుగు అంతకు మించి లేపండి. తూము వెడల్పు పెంచి, నీటిని ఇంకుడు గుంటకు మళ్లించండి.

కర్రలోంచి పొడి రాలుతోంది

మట్టి గొట్టాల్లా పాకితే చెదలు. గుండ్రటి చిన్న చిల్లుల్లోంచి పిండిలా రాలితే పుచ్చు పురుగు. పొడి తుడిచేసి మర్నాడు చూడండి, మళ్లీ రాలితే పురుగు బతికే ఉంది. పుచ్చుకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పూస్తారు. వార్నిష్ గీకేసిన ఉత్త కర్రకే అది పట్టుతుంది, వానలో తడిస్తే కొట్టుకుపోతుంది, కాబట్టి కప్పు పడ్డాకే పూయండి. చెదలు చాలాసార్లు కర్రలను నేల మీద పేర్చి ఉంచిన రోజుల్లోనే ఎక్కుతాయి. ఇటుకలు పెట్టి ఎత్తున పేర్చండి. పునాది మట్టికి మందు కొట్టే పని లైసెన్సు ఉన్నవారికే అప్పగించండి.

మిత్రులు రావడం తగ్గించారు

ఇష్టం తగ్గి కాదు, వచ్చినవాళ్లకు ఏం చేయాలో తెలియక. ఆదివారం పొద్దున్నే పొన్నేరి దాకా లోకల్ రైల్లో వచ్చిన మనిషికి పదకొండు గంటల దాకా పని చూపించకపోతే మళ్లీ ఎందుకు వస్తాడు? ముందు రోజు రాత్రే ఎవరికి ఏ పనో చెప్పేయండి. ఇటుకల మీది పాత సున్నం తాపీ వీపుతో తట్టి తీయడం, పెంకులు వేరుచేయడం, కర్రలు తోమడం, జాబితా చూసుకోవడం మిత్రుల పనులు. దూలాలు ఎత్తడం, కప్పు ఎక్కడం, కరెంటు పని మేస్త్రులవి, ఎంత ప్రేమతో ముందుకొచ్చినా సరే. సున్నం నానబెట్టేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నీళ్లలోనే సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. కంట్లో పడితే ధారగా మంచినీళ్లతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. భోజనం ఒంటిగంటకు సిద్ధంగా ఉండాలి, ఆ బాధ్యత ఒకరికి ప్రత్యేకంగా అప్పగించండి.

తలుపులు పట్టేస్తున్నాయి

తేమకు కర్ర ఉబ్బింది. వానాకాలంలో చిత్రిక పట్టిస్తే వేసవిలో సందు పడుతుంది. ఫిబ్రవరి దాకా ఆగి, అప్పటికీ రాసుకుంటుంటే రాసుకునే అంచు మాత్రమే పట్టించండి. గడప వైపు రాసుకుంటుంటే ముందు ద్వారబంధం నిలువు చూడండి, అది ఒరిగి ఉంటే తలుపు తప్పేమీ లేదు.