రెజ్యూమే పీడీఎఫ్ ఉందా? సొంత సైట్ పెట్టేయండి

రాయగడలోనో పర్లాకిమిడిలోనో డిగ్రీ ముగించి, అటు భువనేశ్వర్‌కీ ఇటు విశాఖకీ రెజ్యూమేలు పంపుతున్నవాళ్ల కోసం ఇది. పోర్ట్‌ఫోలియో సైట్‌కి, అంటే మీ చదువూ పనులూ చూపించే సొంత వెబ్ పేజీకి, కోడింగ్ రానక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ లాంటి ఏఐ ఏదైనా పర్లేదు.

ముందు రెజ్యూమేకి ఒక కాపీ తీసి అందులో ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, నాన్నగారి పేరు, ఇంటి అడ్రసు కొట్టేయండి (మనకి బయోడేటాలో ఇవన్నీ రాయడం అలవాటు). ఆ కాపీని ఏఐకి ఇచ్చి ఇలా అడగండి: "దీంతో ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్లో పోర్ట్‌ఫోలియో పేజీ చెయ్యి, సీఎస్‌ఎస్ కూడా అందులోనే ఉండాలి, ఫోన్లో బాగా కనబడాలి, రెజ్యూమేలో లేనిది ఒక్క ముక్క కలపొద్దు." (హెచ్‌టీఎంఎల్ అంటే వెబ్ పేజీ రాసే భాష, సీఎస్‌ఎస్ అంటే దాని రంగులూ రూపూ చెప్పేది.)

అలా చెప్పినా ఒక్కోసారి కలుపుతుంది. పేపర్ మిల్లులో నెల రోజుల ట్రైనింగ్ అని మీరు రాస్తే "ఉత్పత్తి 30 శాతం పెంచారు" అని వచ్చినా వస్తుంది, రేపు ఇంటర్వ్యూలో ఎలా పెంచావయ్యా అంటే నీళ్లు నమలాల్సింది మీరే కాబట్టి లైను లైనూ చదివి తీసేయించండి. పైథాన్ (ఒక ప్రోగ్రామింగ్ భాష) 85 శాతం వచ్చు అని గీసే పట్టీలు కూడా వద్దు, అదేం కొలతో ఎవరికీ తెలీదు. బదులుగా ఒక ప్రాజెక్టులో సమస్య ఏమిటి, మీ వంతు ఏమిటి, చివరికి ఏం తేలింది అన్నది తెలుగులోనే టైప్ చేసి ఇంగ్లీషులో రాసిపెట్టమనండి.

భాషల్ని మనవాళ్లు అడుగున పడేస్తారు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చినవాళ్లు బ్యాంకుకైనా సేల్స్‌కైనా ఎంత పనికొస్తారో ఈ సరిహద్దు ఊళ్లలో చెప్పాలా? పైనే పెట్టించండి. ఏది మాట్లాడటం వరకే వచ్చు, ఏది చదవడం రాయడం కూడా వచ్చు అన్నది విడిగా చెప్పండి.

ఇక ఏఐ ఇచ్చిన ఫైలుకి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ (index.html) అని, అన్నీ చిన్న అక్షరాల్లో, పేరు పెట్టండి. గిట్‌హబ్‌లో (ఫైళ్లు దాచి సైట్‌గా చూపించే వెబ్‌సైట్) ఖాతా తెరిచి, మీ యూజర్‌నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ (username.github.io) పేరుతో పబ్లిక్ రిపాజిటరీ, అంటే అందరికీ కనబడే ఫైళ్ల ఫోల్డర్, తెరిచి ఫైలు అప్‌లోడ్ చేసి, సెట్టింగ్స్‌లో పేజెస్ దగ్గర మెయిన్ బ్రాంచ్ (main, మీ ఫైళ్ల అసలు కాపీ) ఎంచుకుంటే కాసేపట్లో ఆ పేరుతోనే సైట్ తెరుచుకుంటుంది. ఇక్కడ పెట్టిన ఫైలు తర్వాత మార్చినా పాతది హిస్టరీలో (మార్పుల చిట్టా) అందరికీ కనబడుతూనే ఉంటుంది, నంబరు ముందే కొట్టేయమన్నది అందుకే.

మీరు అడగకపోయినా ఏఐ ఒక్కోసారి ఒక కాంటాక్ట్ ఫారం పెడుతుంది చూడండి, వెనక సర్వర్ లేదు కాబట్టి ఎవరు నింపినా మీకేమీ రాదు. అది తీయించి ఈమెయిల్ లింకు పెట్టించండి.