యాసిడ్ క్యాన్ గట్టిదో కాదో పడేసి చూడాలి

క్యాన్‌ని చేత్తో నొక్కి "గట్టిగానే ఉందిలే" అనుకుంటే సరిపోదు. ఐక్యరాజ్యసమితి రవాణా నిబంధనల ప్రకారమైతే 98 శాతం నింపి మైనస్ 18 డిగ్రీలకి చల్లబరచాలి, ఎందుకంటే చలికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. యాసిడ్ వద్దు బాబూ, నీళ్లే పోయండి, గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ కలపండి. మధ్యరకం ప్రమాదమున్న ద్రవాలకైతే మామూలుగా 1.2 మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదలాలి: మూడు క్యాన్లు ఏటవాలుగా అంచు తగిలేలా, ఇంకో మూడు మూత దగ్గరో అతుకు దగ్గరో, ఎక్కడ బలహీనంగా అనిపిస్తే అక్కడ తగిలేలా. సొట్ట పడినా పర్లేదు. తగిలిన క్షణంలో మూత దగ్గర నాలుగు చుక్కలు చిందినా ఒప్పుకుంటారు, ఆ తర్వాత కూడా కారుతూనే ఉంటే మాత్రం ఫెయిల్. లీకు చూడ్డానికి వేరే క్యాన్‌లోకి 20 కిలోపాస్కల్ ఒత్తిడితో గాలి ఎక్కించి 5 నిమిషాలు నీళ్లలో ముంచి ఉంచండి, బుడగ రాకూడదు.