పెద్దపేగు క్యాన్సర్‌లో మీరు ఎంచుకున్న జీన్ మార్కర్‌గా పనికొస్తుందా? తేల్చుకోవడం ఇలా

థీసిస్ గడువు ముంచుకొచ్చాక పిల్లలు కప్లాన్-మేయర్ గ్రాఫ్ (కాలం గడిచేకొద్దీ ఎంతమంది రోగులు క్షేమంగా మిగిలారో చూపే గీత) పట్టుకొస్తారు. "పీ విలువ 0.03 వచ్చింది మేడమ్, ప్రాగ్నోస్టిక్ మార్కర్ అని రాసేయొచ్చా?" అని అడుగుతారు. అంటే రోగి పరిస్థితి ముందుముందు ఎలా ఉంటుందో చెప్పే గుర్తు అన్నమాట. నేను ముందు చూసేది పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) కాదు, ఎక్స్‌ప్రెషన్ (జీన్ ఎంత చురుగ్గా ఉందన్న కొలత) ఎక్కువ, తక్కువ అని గీత ఎక్కడ గీశారన్నది.

డేటాకి డబ్బు ఖర్చు లేదు. జియో (GEO) అనే బహిరంగ జీన్ డేటా భండారంలో జీఎస్ఈ39582 అనే డేటా దించుకోండి. ఫ్రాన్స్‌లో సేకరించిన 566 ట్యూమర్లు అవి. స్టేజీ, మిస్‌మ్యాచ్ రిపేర్ (డీఎన్‌ఏ నకలులో తప్పులు దిద్దే ఏర్పాటు) స్థితి, క్యాన్సర్ తిరగబెట్టిన సమయం అన్నీ ఉంటాయి. అందులో స్టేజ్ 2, 3 వాళ్లనే తీసుకోండి. స్టేజ్ 4లో జబ్బు అప్పటికే పాకిపోయి ఉంటుంది, తిరగబెట్టడం అన్న ప్రశ్నకి అర్థం లేదు. అక్కడ తేలింది టీసీజీఏ (TCGA) అనే మరో క్యాన్సర్ డేటా భండారంలో సరిచూసుకోండి. ఒకటి మైక్రోఅరే, ఇంకొకటి ఆర్‌ఎన్‌ఏ-సీక్, ఎక్స్‌ప్రెషన్‌ని కొలిచే పద్ధతులే వేరు, కాబట్టి కటాఫ్ (గీత గీసిన చోటు) అంకెని అక్కడినుంచి ఇక్కడికి మోసుకురాకండి.

ఇక గీత సంగతి. సగం మంది ఇటు, సగం మంది అటు వచ్చేలా మధ్యకి కోసేయడం అందరికీ అలవాటు. పేగు కణాల్లో మామూలుగా పనిచేసే సీడీఎక్స్2 అనే జీన్‌నే చూడండి. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, మొదట పరిశీలించిన 466 మందిలో ఈ జీన్ మూగబోయింది 32 మందిలోనే. అయిదేళ్లు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు వాళ్లలో 41 శాతం, మిగతావాళ్లలో 74 శాతం. మధ్యకి కోసి ఉంటే ఆ 32 మంది రెండొందల మంది మామూలు రోగుల్లో కలిసిపోయేవాళ్లు.

అలాగని సాఫ్ట్‌వేర్‌లో "బెస్ట్ కటాఫ్" నొక్కితే ఇంకా ప్రమాదం. అది గీతలన్నీ గీసి చూసి, పీ విలువ అతి తక్కువ వచ్చిన గీతని చేతిలో పెడుతుంది. సంబంధం ఖాయం చేసుకున్నాక జాతకాలు రాయించుకోవడమే అది! ముందు హిస్టోగ్రామ్ (ఏ స్థాయిలో ఎంతమంది ఉన్నారో చూపే కడ్డీల పటం) చూడండి. రెండు గుట్టలు విడివిడిగా కనిపిస్తే వాటి మధ్య లోయ దగ్గర కోయండి. లేకపోతే అసలు కోయకుండా, ఎక్స్‌ప్రెషన్‌ని ఉన్నదున్నట్టు కాక్స్ మోడల్‌లో (చాలా అంశాల ప్రభావాన్ని ఒకేసారి లెక్కలోకి తీసుకునే పద్ధతి) పెట్టండి.

ఆ మోడల్‌లో వయసు, స్టేజీతో పాటు ఎంఎస్ఐ (మిస్‌మ్యాచ్ రిపేర్ పాడైతే డీఎన్‌ఏలో కనిపించే అస్థిరత) ఉండి తీరాలి. స్టేజ్ 2లో ఎంఎస్ఐ ఉన్నవాళ్లకి మామూలుగానే జబ్బు తిరగబెట్టడం తక్కువ. సీడీఎక్స్2 పోవడం కూడా ఎంఎస్ఐ ట్యూమర్లలోనే ఎక్కువ. దాన్ని వదిలేస్తే ఏది దేని ప్రభావమో తెలియదు.

చాలామంది దాటేసే మెట్టు ఇంకోటుంది: ఆ ఆర్‌ఎన్‌ఏ ఏ కణాలదో చూడడం. ముక్కని మొత్తంగా నూరేస్తాం కదా, అందులో క్యాన్సర్ కణాలతో పాటు వాటి చుట్టూ ఉండే ఊత కణజాలం, అంటే స్ట్రోమాలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలూ ఉంటాయి. రోగి పరిస్థితి బాగుండదని చెప్పే జీన్లు చాలావరకు ఈ స్ట్రోమావేనని 2015లో రెండు బృందాలు చూపించాయి. జబ్బు తిరగబెట్టే ముప్పుని అంచనా వేసే ఆంకోటైప్ కోలన్ పరీక్షలోని ఎఫ్‌ఏపీ, బీజీఎన్, ఐఎన్‌హెచ్‌బీఏ అలాంటివే. మీ జీన్ ట్యూమర్లో దండిగా ఉండి, పెద్దపేగు క్యాన్సర్ సెల్ లైన్లలో (ల్యాబ్‌లో విడిగా పెంచే క్యాన్సర్ కణాలు) కనిపించకపోతే స్ట్రోమాని అనుమానించండి. మార్కర్‌గా పనికిరాదని కాదు. కానీ "క్యాన్సర్ కణాలు దీన్ని పెంచుకుంటున్నాయి" అని మాత్రం రాయకండి.

ఇవన్నీ దాటితే పాథాలజిస్టు దగ్గరికి వెళ్లి, ఆ జీన్ తయారుచేసే ప్రొటీన్‌ని స్టెయిన్ చేసి చూడడానికి నమ్మకమైన యాంటీబాడీ ఉందేమో అడగండి. సీడీఎక్స్2కి ఆ వెసులుబాటు ఉంది. మెటాస్టాసిస్ (వేరే చోటికి పాకిన గడ్డ) పేగునుంచి వచ్చిందో లేదో తేల్చడానికి ఆ స్టెయిన్ ఎప్పటినుంచో వాడుతున్నారు.