ప్రొజెక్టర్ చిత్రాన్ని సవరించే ముందు జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులకు ఇంట్లో తెర దించే ముందు వీటిని సరిచూసుకోవాలి.

ఇప్పుడున్న చిత్ర సెట్టింగుల విలువలన్నిటినీ ఫోనులో ఫొటో తీసుకోండి. రీసెట్ నొక్కితే నిపుణుడు గంటల తరబడి కుదిర్చిన రంగులు తిరిగి రావు.

ల్యాంపు ప్రొజెక్టరైతే 20 నుంచి 30 నిమిషాలు వేడెక్కనివ్వండి, అంతవరకు వెలుగు, రంగు స్థిరపడవు.

ప్రొజెక్టరును తెరకు సూటిగా అమర్చి, వంకరగా పడిన బొమ్మను సరిచేసే కీస్టోన్‌ను సున్నాకు తెండి, ఎందుకంటే అది చిత్రాన్ని కుదించి పదును తగ్గిస్తుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: బ్రైట్‌నెస్ నలుపు స్థాయిని, కాంట్రాస్ట్ తెలుపు స్థాయిని మారుస్తాయి కనుక, బొమ్మ మసకగా ఉందని బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగుకు తిరిగి, రాత్రి సన్నివేశాలు పాలిపోతాయి.

హెచ్‌డీఆర్‌కు (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే వీడియోకు) విడిగా సవరించండి. చాలా ప్రొజెక్టర్లలో దాని విలువలు వేరుగా నిల్వ ఉంటాయి.

సినిమా చూసేటప్పుడు ఉండే వెలుతురులోనే ఈ పని చేయండి.