'వర్క్' అనే మాటను తప్పు లేకుండా ఎలా వాడాలి?

"అక్కా, నాకు ఎ స్మాల్ వర్క్ ఉంది, పదకొండింటికి వస్తా."

ఈ ముక్క వారానికి నాలుగుసార్లన్నా నా చెవిన పడుతుంది. ఆదివారం పొద్దున వేళచ్చేరిలో మా ఫ్లాటుకు ఏడెనిమిది మంది పిల్లలు వస్తారు. నెల్లూరు, సూళ్లూరుపేట, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి ఉద్యోగాలకని చెన్నై వచ్చి పీజీల్లో ఉంటున్నవాళ్లు. కోడింగ్‌లో నన్ను తలదన్నుతారు. మెయిల్ రాయమంటే మాత్రం 'వర్క్' దగ్గర బోర్లా పడతారు. 'ఆర్కిటెక్చర్', 'డిపెండెన్సీ' లాంటివి నదురు బెదురు లేకుండా వాడేవాళ్లు ఒకటో తరగతి మాట దగ్గర తడబడుతుంటే చూసి చూసి, చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే రాసి పడేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

ఇదంతా నామవాచకంగా వాడే 'వర్క్' గురించే. 'ఐ వర్క్ ఇన్ చెన్నై' అనే క్రియ జోలికి పోను. దాన్ని ఎవరూ పెద్దగా చెడగొట్టడం లేదు.

కావలసినవి

రూళ్లు లేని లాంగ్ నోట్‌బుక్కు ఒకటి, నీలం పెన్ను ఒకటి. ఫోన్లో రాసుకుంటామంటే కుదరదు. ఫోన్లో రాసింది ఫోనుకే గుర్తుంటుంది. నల్ల పెన్ను కూడా వద్దు. ఎందుకని అడగొద్దు, నా క్లాసులో నీలమే.

మొదటి మెట్టు: ఏరడం

ఒక వారం పాటు 'వర్క్' ఎక్కడ కనబడితే అక్కడి వాక్యం మొత్తం రాసుకోండి. మాట ఒక్కటే రాస్తే దండగ. చెన్నైలో దీనికి వెతుక్కోనక్కర్లేదు. మెట్రో రెండో దశ వంద కిలోమీటర్ల పైనే, ఊరంతా నీలం రేకులు, వాటి మీదంతా ఈ మాటే. మెయిళ్లు, వాట్సాప్ గ్రూపులు, పేపర్లు కూడా చూడండి. ముప్ఫై వాక్యాలు చాలు.

రెండో మెట్టు: కుప్పలు పోయడం

ఏరినవాటిని కుప్పలు చేయండి. పని అనే అర్థం ఒకటి. ఉద్యోగం లేదా ఉద్యోగం చేసే చోటు ఇంకొకటి. మనిషి చేతుల్లోంచి వచ్చిన సృష్టి మూడోది. ఫ్యాక్టరీ, కాలవలు, రోడ్లు లాంటి పెద్ద వ్యవహారం నాలుగోది. సైన్సు పుస్తకంలోది వేరే.

రెండో కుప్పకు ఒక్క మాట చెప్తే సరిపోతుంది. ఆఫీసులో ఉన్నాడు అంటే 'హి ఈజ్ ఎట్ వర్క్'. మధ్యలో 'ది' దూర్చొద్దు. ఆఫీసుకు వెళ్లాడంటే 'హి హాజ్ గాన్ టు వర్క్'. ఉద్యోగం పోయి ఖాళీగా ఉంటే 'అవుట్ ఆఫ్ వర్క్'. రోడ్డు మీద 'మెన్ ఎట్ వర్క్' బోర్డు ఉంటే అక్కడ ఎవరో పనిలో ఉన్నారని. ఎవరూ లేకపోయినా బోర్డు ఉంటుంది, అది వేరే కథ.

మూడో మెట్టు: లెక్కపెట్టొచ్చా లేదా

ఇక్కడే అందరూ జారేది. టీ కప్పు పక్కన పెట్టి చదవండి.

తెలుగులో పనిని లెక్కపెడతాం. 'ఒక పనుంది', 'రెండు పనులు మిగిలాయి', 'నూట ఎనిమిది పనులు నెత్తి మీద పెట్టుకుని కూర్చున్నా' అంటాం. ఆ అలవాటుతోనే నోట్లోంచి 'ఐ హావ్ ఎ వర్క్', 'టూ వర్క్స్ ఆర్ పెండింగ్' వచ్చేస్తాయి. ఇంగ్లీషులో శ్రమ అనే అర్థమున్న 'వర్క్'కు లెక్క లేదు. దాని ముందు 'ఎ' రాదు, 'వన్' రాదు, 'టూ' రాదు, చివర 'ఎస్' రాదు.

ఎందుకు రాదని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్నే. నేను ఎదురడిగాను: "కొట్టుకెళ్లి 'అన్నా, రెండు బియ్యాలు ఇవ్వు' అంటావా?" నవ్వింది. కిలో అంటాం, గ్లాసుడు అంటాం, లేదంటే గింజలు లెక్కపెడతాం. బియ్యాన్ని నేరుగా లెక్కపెట్టం. 'వర్క్' వాళ్లకు బియ్యం లాంటిది. 'సమ్ వర్క్', 'ఎ లాట్ ఆఫ్ వర్క్', 'ఎ బిట్ ఆఫ్ వర్క్', 'టూ అవర్స్ ఆఫ్ వర్క్' అని కొలవాలి. లెక్కపెట్టక తప్పదంటే గింజ మాటలు వేరే ఉన్నాయి: 'థింగ్', 'టాస్క్', 'జాబ్'. 'ఐ హావ్ టూ థింగ్స్ టు డూ' అంటే నిక్షేపంగా ఉంటుంది. 'జాబ్' వాడితే కొంచెం చూసుకోవాలి, అది ఉద్యోగం కూడా. బయటికెళ్లి కరెంటు బిల్లు కట్టి, కొరియర్ ఇచ్చి వచ్చే బాపతు పనికి 'ఎరండ్' అని చక్కటి మాట ఉంది, మనవాళ్లెవరూ వాడరు.

'ఎ పీస్ ఆఫ్ వర్క్' అని కూడా ఉంది కదా అంటారు. ఉంది. చేసి ముగించినదాన్ని అలా అనొచ్చు. కానీ మనిషిని 'నాస్టీ పీస్ ఆఫ్ వర్క్' అంటే వాడో దుర్మార్గుడని తిట్టినట్టు. మేనేజరు గురించి రాసే మెయిల్లో ప్రయోగాలొద్దు.

సరే, 'ఎ వర్క్' అని ఇంగ్లీషులో అసలే లేదా అంటే, ఉంది. చిక్కంతా అక్కడే. ఉంది గనక మీరన్నది తప్పులా కాకుండా ఇంకో అర్థంలా వినబడుతుంది. ఆ అర్థానికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఉంది: కృతి. చేయడం అనే ధాతువులోంచి పుట్టి, చేయబడినది అని అర్థమిచ్చే మాట. డిసెంబరులో మైలాపూరు సభల్లో పాడే త్యాగరాజ కృతి ఒక్కొక్కటీ ఇంగ్లీషులో 'ఎ వర్క్'. 1847లో ఆయన పోయారు, 'వర్క్స్' ఉన్నాయి. ఎగ్మూరు మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయి, ఎప్పుడైనా వెళ్లి ఒక రాతి ముందు నిలబడండి. దాన్ని చెక్కడానికి శిల్పి పడ్డ పాటు 'వర్క్'. చెక్కడం అయ్యాక మన ముందు నిలిచింది 'ఎ వర్క్'.

ఇప్పుడు 'ఐ హావ్ ఎ స్మాల్ వర్క్'ను మళ్లీ తెలుగులోకి తెచ్చుకోండి. 'నా దగ్గరో చిన్న కృతి ఉంది, పదకొండింటికి వస్తా.' ఏ రాగమో కూడా చెప్తే వింటాం.

నేను నేర్పే పద్ధతి మొత్తం ఇంతే. నోట్లో 'ఎ' గానీ 'ఎస్' గానీ రాబోతుంటే అక్కడ 'కృతి' పెట్టి చూడండి. అర్థం కుదిరితే ఉంచండి, నవ్వొస్తే తీసేయండి. యాపుల్లో 'వర్క్' నొక్కితే ఇరవై అర్థాలు వరసగా దిగుతాయి, పిల్లలు వాటిని బట్టీ పట్టి నాకు అప్పజెప్తారు. ఇరవై అర్థాలూ వచ్చినవాడు అదే రోజు సాయంత్రం 'ఐ హావ్ ఎ వర్క్' అనడం నా చెవులతో విన్నాను. అర్థం తెలియక చేసే తప్పు కాదిది, లెక్కలో జరిగే తప్పు. జాబితాతో పోదు.

ఇంకో సంగతి. చెన్నైలో మిమ్మల్నెవరూ దిద్దరు. తమిళంలోనూ 'ఒరు చిన్న వేలై ఇరుక్కు', అంటే 'ఒక చిన్న పనుంది', అని లెక్కపెట్టే అంటారు, కాబట్టి వాళ్లదీ అదే తప్పు. మీరు 'ఎ వర్క్' అంటారు, వాళ్లు 'ఎ వర్క్' అంటారు, ఇద్దరికీ హాయిగా అర్థమైపోతుంది. క్లయింటు కాల్ దాకా గుట్టు బయటపడదు. ఇది ఇండియన్ ఇంగ్లీషు అక్కా, తప్పేముంది అని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేటప్పుడు నాకేమీ అభ్యంతరం లేదు. నా దగ్గర మెయిల్ దిద్దించుకునేటప్పుడు మాత్రం ఉంది.

తోక 'వర్క్' ఉన్న మాటలకూ ఇదే సూత్రం. హోంవర్క్, హౌస్‌వర్క్, పేపర్‌వర్క్ శ్రమలు. వాటికి 'ఎస్' లేదు. స్కూలు గ్రూపుల్లో తల్లులు 'హోంవర్క్స్ పెట్టండి ప్లీజ్' అని అడుగుతుంటారు, ఆపడం నా వల్ల కాలేదు. మరి నెట్‌వర్క్? ఫ్రేమ్‌వర్క్? అవి కట్టి నిలబెట్టిన వస్తువులు, శ్రమలు కావు. 'టూ నెట్‌వర్క్స్', 'త్రీ ఫ్రేమ్‌వర్క్స్' భేషుగ్గా అనొచ్చు. మా ఐటీ పిల్లలకు సూత్రం బుర్రకెక్కేది సాధారణంగా ఈ ఫ్రేమ్‌వర్క్ దగ్గరే.

నాలుగో మెట్టు: 'ఎస్' ఉన్న 'వర్క్స్'

దీన్ని నేను నేర్చుకున్నది తల వంచుకుని. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో సెలవు కోసం 'యాజ్ ఐ హావ్ వర్క్స్ ఇన్ నెల్లూర్' అని మెయిల్ పెట్టాను. మా టీమ్ పెద్దాయనది పెరంబూరు, వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నా సీటు దగ్గరికొచ్చి, మొహంలో నవ్వన్నదే లేకుండా, "నెల్లూర్ల ఫ్యాక్టరీ ఇరుక్కామ్మా? అప్పో ఇంద వేలై ఎదుక్కు?" అన్నారు. నెల్లూరులో ఫ్యాక్టరీ ఉందా, మరి ఈ ఉద్యోగం ఎందుకు అని. నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం క్యాంటీన్లో ఆయనే చెప్పారు, 'వర్క్స్' అంటే కర్మాగారం అని.

నమ్మకపోతే సెంట్రల్ నుంచి తిరుపతి రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. పెరంబూరు దాటగానే వరసగా రెండు స్టేషన్ల బోర్డులు వస్తాయి: పెరంబూర్ క్యారేజ్ వర్క్స్, పెరంబూర్ లోకో వర్క్స్. బోగీల కర్మాగారం, ఇంజన్ల కర్మాగారం. ఊళ్లో కొన్ని తరాల కుటుంబాలు 'వర్క్స్‌లో' పనిచేసి రిటైరయ్యాయి. 1955లో అక్కడికి దగ్గర్లోనే మొదలైన కోచ్ కర్మాగారానికి మాత్రం 'ఫ్యాక్టరీ' అనే పేరు పెట్టారు. చేసేది అలాంటి పనే, మాట మారింది.

పబ్లిక్ వర్క్స్ అంటే చెరువులు, కాలవలు, వంతెనలు, ప్రభుత్వ భవనాలు. రిలీఫ్ వర్క్స్ అంటే మన ఊళ్లలో కరువు పనులు అనేవి. ఇక్కడొక్కచోటే తెలుగు బహువచనం, ఇంగ్లీషు బహువచనం భుజం కలుపుతాయి. వేళచ్చేరి నుంచి బీచ్ వైపు వెళ్లే ఎంఆర్‌టీఎస్ రైల్లోంచి కింద నల్లటి నీళ్లతో కనబడేది బకింగ్‌హాం కాలవ. మనవైపు నుంచి ఇక్కడిదాకా వచ్చిన కాలవే. అడయారు, కూవం నదుల మధ్య ముక్కను 1877-78లో, అప్పటి ఘోరమైన కరువులో, తిండికి లేని జనానికి కూలి ఇచ్చి తవ్వించారు. అప్పుడు గవర్నరుగా ఉన్న డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు పెట్టారు. తవ్వినవాళ్లు పడ్డ కష్టం 'వర్క్', ప్రభుత్వం లెక్కల్లో ఆ పథకాలు 'వర్క్స్'. ఒక చెరువును చూపించి 'ఎ పబ్లిక్ వర్క్' అనడం మాత్రం మామూలుగా వినబడదు, మీరూ అనకండి.

యంత్రం లోపలి చక్రాలూ పళ్లూ కూడా 'వర్క్స్'. 'స్పానర్ ఇన్ ది వర్క్స్' అంటే సాగుతున్నదానికి అడ్డం పడటం. బర్గర్ల కొట్లో 'విత్ ది వర్క్స్' అంటే ఉన్నవన్నీ వేసివ్వమని.

ఐదో మెట్టు: సైన్సు 'వర్క్'

పోటీ పరీక్షలు రాసేవాళ్లకే ఇది. పని అంటే బలం, ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశం, రెండింటి లబ్ధం. ఈ అర్థాన్ని 1829లో కోరియోలిస్ అనే ఫ్రెంచి ఆయన స్థిరపరిచాడు. సెంట్రల్లో పోర్టరు ఇరవై కిలోల పెట్టెను నేల మీంచి తలమీదికి, మీటరున్నర ఎత్తుకు, లేపితే 294 జౌళ్ల పని. ఆ తర్వాత చదునైన ప్లాట్‌ఫారం మీద ఒకే వేగంతో ఎంత దూరం మోసినా పెట్టె మీద అతను చేసిన పని సున్నా, ఎందుకంటే అతను పైకి మోస్తున్నాడు, పెట్టె అడ్డంగా కదులుతోంది. ఈ లెక్క చెప్పి కూలి తగ్గించమని అడిగి చూడండి.

చివరగా దిద్దుకోవడం

మీ పాత మెయిళ్లు తెరిచి 'వర్క్స్' అని వెతకండి. వచ్చినవాటిని ఒక్కొక్కటీ నోట్‌బుక్కులోకి ఎక్కించి కృతి పరీక్ష పెట్టండి. 'ఆల్ వర్క్స్ కంప్లీటెడ్' అని ఉంటే 'ఆల్ ది వర్క్ ఈజ్ డన్' అని మార్చండి. 'ఐ హావ్ అనదర్ వర్క్' అని ఉంటే 'ఐ హావ్ సమ్‌థింగ్ ఎల్స్ టు డూ'. 'అనదర్' అంటే 'యాన్ అదర్', దాని లోపల 'ఎ'కు తోబుట్టువైన 'యాన్' నక్కి ఉంటుంది, అందుకే అదీ కుదరదు. బాగా వచ్చినవాళ్లు కూడా జారేది ఈ 'అనదర్' దగ్గరే, దాన్ని పేజీ పైన పెద్దక్షరాల్లో రాసుకోండి. నీలం పెన్నుతో.